ఏఐ కొలనోస్కోపీకి అదనంగా డబ్బు కట్టాలా? స్కానింగ్‌తోనే పేగు జబ్బు తేలిపోతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. కొన్ని నెలలుగా కుడివైపు పొత్తికడుపులో నొప్పి, అప్పుడప్పుడు మలంలో రక్తం. బరువు కూడా తగ్గారు. సీటీ స్కాన్‌లో చిన్నపేగు చివర, సీకమ్ (పెద్దపేగు మొదలు) దగ్గర గోడ మందంగా ఉందని రాశారు. కొలనోస్కోపీ (కెమెరా ట్యూబ్‌తో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించమన్నారు. ఒక ఆసుపత్రిలో ఏఐ కొలనోస్కోపీ అని అదనపు చార్జీ చెబుతున్నారు, ఇంకోచోట మామూలుదే. ఏది మంచిది? అసలు ట్యూబ్ వేయకుండా స్కానింగ్‌నే ఏఐతో చదివించి జబ్బేంటో తేల్చలేరా? సీటీ ఫిల్మ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి ఒక చాట్‌బాట్‌కు పెడితే క్రోన్స్ వ్యాధి (పేగులో దీర్ఘకాలం ఉండే వాపు జబ్బు) కావచ్చంది. క్యాప్సూల్ మింగితే చాలని కూడా ఎవరో చెప్పారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

మీరు చాలా అడిగారు గానీ, మీ నాన్నగారి వరకు ముందు చెప్పాల్సింది ఒకటే. కొలనోస్కోపీ తప్పదు, వాయిదా వేయకండి. అరవై దాటిన మనిషికి మలంలో రక్తం పడి, బరువు తగ్గి, స్కాన్‌లో పేగు గోడ మందంగా కనిపించిందంటే ఆ చోటును కళ్లతో చూసి, ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. ఆ ముక్క తీసే పని ఏ స్కానింగూ చేయదు, ఏ సాఫ్ట్‌వేరూ చేయదు. మొలల వల్లే రక్తం పడుతోందిలే అని ఎవరైనా ధైర్యం చెప్పినా ఆగిపోకండి. మొలలున్నవాళ్లకు లోపల ఇంకో జబ్బు ఉండకూడదని ఏమీ లేదు.

నేను గ్యాస్ట్రోఎంటరాలజిస్టుని. ఎన్నో ఏళ్లుగా నా రోజులో సగం ఎండోస్కోపీ గదిలోనే గడుస్తుంది. ఏఐ బిగించిన యంత్రం మీదా చేస్తున్నాను, లేనిదాని మీదా చేస్తున్నాను. ఈ టెక్నాలజీ మీద నాకు నిజంగా నమ్మకం ఉంది. అందుకే దాన్ని ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో కాస్త వివరంగా రాస్తున్నాను.

ఏఐ కొలనోస్కోపీ అంటే వేరే పరీక్ష కాదు. అదే ట్యూబ్, అదే కెమెరా, అదే మత్తు. కెమెరా నుంచి తెర మీదికి వెళ్లే వీడియో మధ్యలో ఇంకో కంప్యూటర్ గుండా వెళ్తుంది, తేడా అంతే. ఆ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌కు వేలకొద్దీ పాలిప్‌ల వీడియోలను నిపుణులు గుర్తులు పెట్టి ముందే చూపించి ఉంటారు. పాలిప్ అంటే పేగు లోపలి పొర మీద లేచే చిన్న బుడిపె. అన్నీ క్యాన్సర్ కావు, కానీ అడినోమా అనే రకం కొన్నేళ్లకు క్యాన్సర్‌గా మారే అవకాశం ఉంది. ప్రోగ్రామ్ వీడియోను ఫ్రేము ఫ్రేమూ చూస్తూ, పాలిప్‌ను పోలింది కనిపించగానే దాని చుట్టూ ఆకుపచ్చ చతురస్రం గీస్తుంది. ఇలాంటి యంత్రానికి అమెరికాలో మందులు, వైద్య పరికరాలను అనుమతించే సంస్థ ఎఫ్‌డీఏ మొదటిసారి అనుమతిచ్చింది 2021 ఏప్రిల్‌లో, జీఐ జీనియస్ అనేదానికి. ఎండోస్కోపీ పరికరాలు చేసే మిగతా పెద్ద కంపెనీలు కూడా తమ తమ రకాలు తెచ్చాయి.

గదిలో ఇది ఎలా ఉంటుందో చెబుతాను. ట్యూబ్‌ను పెద్దపేగు మొదలు దాకా, అంటే సీకమ్ దాకా తీసుకెళ్లి, అక్కడినుంచి మెల్లగా వెనక్కి లాక్కుంటూ గోడలు చూస్తాం. వెతకడమంతా ఇలా వెనక్కి వచ్చేటప్పుడే. కుడివైపు పేగులో ఒక మడత మీద పసుపుపచ్చటి జిగురు అంటుకుని ఉంటుంది. కడగని మలమేలే అనిపిస్తుంది. చతురస్రం అక్కడ ఒకసారి మెరిసి పోతుంది, మళ్లీ మెరుస్తుంది. నీళ్లు కొట్టి ఆ జిగురు కడిగితే కింద బల్లపరుపు మచ్చ ఒకటి బయటపడుతుంది. చుట్టూ ఉన్న పొరకంటే ఒక పిసరు పాలిపోయి ఉంటుంది, సన్నటి రక్తనాళాల గీతలు దాని అంచు దగ్గరికొచ్చి ఆగిపోతాయి. సెసైల్ సెరేటెడ్ లీజన్ అంటాం. కుడివైపు పేగు క్యాన్సర్లు కొన్ని ఇలాంటివాటి నుంచే మొదలవుతాయి. పొద్దుటి నుంచి వరసగా కేసులు చేసి సాయంత్రమయ్యేసరికి అలసిన కళ్లకు ఇది తప్పిపోవడం చాలా తేలిక. యంత్రానికి అలుపు లేదు. అయితే ఇంత బల్లపరుపుగా ఉన్నవాటిని ఏఐ కూడా పైకి లేచిన పాలిప్‌లను పట్టినంత బాగా పట్టలేదు. ఒక్కోసారి మెరవనే మెరవదు.

అదే చతురస్రం గాలి బుడగ మీద మెరుస్తుంది, మలం ముక్క మీద మెరుస్తుంది, ముడుచుకున్న మడత మీదా మెరుస్తుంది. ఇటలీలో లెక్కపెట్టి చూస్తే ఒక్కో పరీక్షలో సగటున 27 సార్లు ఇలా ఉత్తుత్తిగా గీసింది. చేయి తిరిగిన డాక్టరు వాటిలో చాలావాటిని క్షణంలో దాటేస్తారు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ప్రతిదాని దగ్గరా ఆగుతారు. గీసేది యంత్రమే అయినా, అది పాలిపా కాదా అని తేల్చేది మనిషే.

ఇక ఫలితాల మాట. దీన్ని మంచి అధ్యయనాలతోనే పరీక్షించారు. చైనాలోని చెంగ్డూలో 1058 మందితో చేసి 2019లో ప్రచురించిన పరీక్షలో, ఏఐ లేనప్పుడు 20.3 శాతం మందిలో అడినోమాలు దొరికితే, ఉన్నప్పుడు 29.1 శాతం మందిలో దొరికాయి. ఇటలీలో 685 మందితో చేసిన పరీక్షలో 40.4 నుంచి 54.8 శాతానికి పెరిగింది. నాకు వీటన్నిటికంటే బలంగా అనిపించింది 2022లో వచ్చిన ఇంకో అధ్యయనం. అందులో ఒకే మనిషికి ఒకేరోజు వెంట వెంటనే రెండుసార్లు కొలనోస్కోపీ చేశారు, కొందరికి ఏఐతో మొదలుపెట్టి, కొందరికి ఏఐ లేకుండా మొదలుపెట్టి. మొదటిసారి తప్పిపోయి రెండోసారి దొరికిన అడినోమాలు ఏఐ లేకుండా 32.4 శాతం, ఏఐ ఉంటే 15.5 శాతం. తప్పిపోయేవి సగానికి తగ్గాయన్నమాట.

ఇది చదివి ఏఐ లేని చోట మూడోవంతు జబ్బులు వదిలేస్తారని అనుకోకండి. తప్పిపోయేవి ఎక్కువగా 5 మిల్లీమీటర్ల లోపువి. ఏఐ రాకముందు, 2006లో, ఇలాంటి జంట పరీక్షలన్నీ కలిపి చూసినప్పుడే తేలిందేమిటంటే, 5 మిల్లీమీటర్ల లోపు అడినోమాలు నాలుగోవంతు తప్పిపోతుంటే, సెంటీమీటరు దాటినవి 2 శాతమే తప్పిపోతున్నాయి. ఏఐ అదనంగా పట్టిస్తున్నది చాలావరకు ఆ చిన్నవాటినే. వాటిలో అధికభాగం ఎప్పటికీ క్యాన్సర్ కావు.

అయినా చిన్నవాటిని పట్టడం వృథా కాదని చెప్పే లెక్క ఒకటుంది. కాలిఫోర్నియాలో మూడు లక్షలకు పైగా కొలనోస్కోపీలను పరిశీలించి 2014లో ప్రచురించారు. డాక్టరు అడినోమాలు పట్టే రేటు ఒక్క శాతం ఎక్కువ ఉంటే, వారి దగ్గర పరీక్ష చేయించుకున్నవాళ్లకు తర్వాత పేగు క్యాన్సర్ వచ్చే ప్రమాదం 3 శాతం తక్కువగా ఉంది. ఇది ఏఐ లేని రోజుల లెక్క. ఏఐ పట్టించిన ఆ చిన్న చిన్న పాలిప్‌ల వల్ల కూడా అంతే మేలు జరుగుతుందా అన్నది ఏళ్ల తరబడి చూస్తే గానీ తేలదు. అందుకే పెద్ద సంస్థలు కూడా ఒక్క మాట మీద లేవు. 2025లో బీఎంజే పత్రికలో వచ్చిన మార్గదర్శకం అందరికీ రొటీన్‌గా వాడొద్దని మెత్తగా సూచించింది. అదే ఏడాది అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ అసోసియేషన్ వాడమనీ అనలేదు, వద్దనీ అనలేదు. చిన్న పాలిప్‌లు ఎక్కువ దొరికితే ఎక్కువ కోతలు, ఎక్కువ బయాప్సీ ఖర్చు, మూడేళ్లకోసారి మళ్లీ రమ్మనడం కూడా ఎక్కువవుతాయి. వాళ్ల తటపటాయింపు వెనక ఇది కూడా ఉంది, నా ఉద్దేశంలో అది సబబే.

మీరు గమనించాల్సింది ఇంకొకటి. ఈ అధ్యయనాలు చూసింది ఎక్కడున్నాయో ముందే తెలియని పాలిప్‌లను పట్టడం గురించి. మీ నాన్నగారి సంగతి అది కాదు. ఆయనకు సీటీలోనే చోటు తెలిసిపోయింది. అక్కడ ఉన్నది ఎవరి కంటికీ తప్పిపోయేంత చిన్నది కాదు. దాన్ని కనిపెట్టడానికి ఆకుపచ్చ చతురస్రం అక్కర్లేదు. పెద్దపేగు మిగతా భాగంలో పాలిప్‌లేమైనా ఉన్నాయా అని చూసేటప్పుడు ఏఐ కొంత ఉపయోగం, అంతవరకే. రెండు ఆసుపత్రుల్లో డాక్టర్ల అనుభవం, శుభ్రత, బయాప్సీ చూసే ల్యాబు ఒకలాగే ఉండి, అదనపు చార్జీ మీకు భారం కాకపోతే ఏఐ ఉన్నచోటే చేయించండి. అప్పు చేసి మాత్రం చేయించకండి.

ఆ డబ్బుకంటే ఎక్కువ తేడా తెచ్చేది పైసా ఖర్చులేనిది ఒకటుంది, పేగు శుభ్రంగా ఉండటం. ఏఐ చూసేది కెమెరా చూపించినదాన్నే. మలం కింద ఉన్నది, మడత వెనక దాక్కున్నది దానికీ కనిపించదు. చతురస్రం గీయలేదు కాబట్టి అక్కడ ఏమీ లేదనుకోవడానికి లేదు, కెమెరా అటు తిరిగి ఉండకపోవచ్చు.

అందుకని ఇంట్లో చేయాల్సినవి శ్రద్ధగా వినండి. పరీక్షకు రెండు మూడు రోజుల ముందునుంచి ఆకుకూరలు, జామకాయ, నువ్వులు, టమాటా గింజలు, జొన్నరొట్టె, రాగి సంకటి మానేయాలి. తెల్లన్నం, ఇడ్లీ, పెరుగు పర్వాలేదు. ముందురోజు మధ్యాహ్నం తేలిగ్గా తిని, అక్కడినుంచి కొబ్బరినీళ్లు, వడగట్టిన చారుకట్టు, పాలు లేని టీ లాంటివే. ఎర్రరంగు షర్బత్, బీట్‌రూట్ జ్యూస్ వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి. ఐరన్ మాత్రలు వేసుకుంటుంటే వారం ముందే ఆపమంటారు, అవి మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి. విరేచనాల పొడి కలిపిన నీళ్లు మొత్తం ఒకేసారి ముందురోజు రాత్రే తాగించేయకుండా, సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగడం మంచిది. కుడివైపు పేగు శుభ్రంగా ఉండేది ఇలా రెండు విడతల్లో తాగినప్పుడే, మీ నాన్నగారి ఇబ్బంది సరిగ్గా అక్కడే ఉంది. పరీక్షకు ఎన్ని గంటల ముందు నీళ్లు కూడా ఆపాలో మత్తు డాక్టరు చెప్పినట్టు పాటించండి. చివరికి మోషన్ లేత పసుపు నీళ్లలా, అడుగు కనిపించేంత తేటగా రావాలి. గోధుమరంగులో వస్తుంటే సిబ్బందికి ముందే చెప్పండి, మొహమాటపడకండి. షుగర్ మందులు, రక్తం పల్చబడే మాత్రలు, గుండె లేదా కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్‌కు ముందుగానే చెప్పాలి. వాటిని మీ అంతట మీరు ఆపొద్దు. ఊరి నుంచి రాత్రి బస్సెక్కి పొద్దున్నే పరీక్షకు దిగేవాళ్లకు ఈ రెండో విడత కుదరదు. వీలైతే ముందురోజే వచ్చి ఆసుపత్రి దగ్గర్లో ఉండండి, బాత్‌రూమ్ పక్కనే ఉండేలా చూసుకోండి.

డాక్టర్‌ను అడగాల్సినవి కూడా ఉన్నాయి. మర్యాదగా అడిగితే ఏ మంచి డాక్టరూ తప్పుగా అనుకోరు. టెర్మినల్ ఇలియమ్ లోపలి దాకా, అంటే చిన్నపేగు చివరి భాగంలోకి వెళ్లి చూస్తారా? ప్రయత్నించినా కొన్నిసార్లు చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోటి వాల్వ్ బిగుసుకుపోయి వెళ్లలేకపోవచ్చు, అప్పుడు ఆ సంగతి రిపోర్టులో రాస్తారు. శుభ్రత ఎలా ఉందో బోస్టన్ స్కోరు రాస్తారా? మూడు భాగాలకూ మూడేసి మార్కులుంటాయి, ప్రతి భాగానికీ కనీసం 2 రావాలి. పాలిప్‌ల కోసం చూసే మామూలు పరీక్షలో వెనక్కి వచ్చేటప్పుడు కనీసం 6 నిమిషాలు గోడలు చూడాలన్నది పాత నియమం. ఆ 6 నిమిషాలను పేషెంట్‌కు ఇచ్చే డాక్టరు, ఏఐ పెట్టుకుని మూడు నిమిషాల్లో లాగేసే డాక్టర్‌కంటే మేలు. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు.

ఈ సందర్భంలో పోలండ్ సంగతి చెప్పాలి. 2025లో వచ్చిన అధ్యయనమిది. అక్కడ నాలుగు కేంద్రాల్లో ఏఐ వాడటం మొదలుపెట్టాక, అదే డాక్టర్లు ఏఐ లేకుండా చేసిన పరీక్షలను విడిగా లెక్కించారు. అడినోమాలు దొరికే రేటు అంతకుముందు 28.4 శాతం ఉండేది, 22.4 శాతానికి పడిపోయింది. ఇది పరిశీలన మాత్రమే కాబట్టి ఏఐ వల్లే అని ఒట్టేసి చెప్పలేం. కానీ ఎండోస్కోపీ నేర్పేవాడిగా నన్ను ఇది బాగా కలవరపెట్టింది. చతురస్రం మెరుస్తుందని ఎదురుచూడటం అలవాటైతే, కళ్లు తమంతట తాము వెతకడం తగ్గిస్తాయి. నేర్చుకునే పిల్లలకు మొదటి కొన్ని నెలలు ఏఐ ఆపేసే చేయించాలని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ నాన్నగారి జబ్బు దగ్గరికి వద్దాం. చిన్నపేగు చివర, సీకమ్ కలిసే చోట గోడ మందంగా ఉందంటే మన దేశంలో ముందుగా మూడు అనుకోవాలి. పేగు టీబీ, క్రోన్స్, క్యాన్సర్ లేదా లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్). టైఫాయిడ్ లాంటి ఇన్‌ఫెక్షన్లు కూడా ఆ చోటనే వాపు తెస్తాయి గానీ అవి ఇన్ని నెలలు ఉండవు. పేగు టీబీకి అన్నిటికంటే ఇష్టమైన చోటు కూడా ఇదే. ఊపిరితిత్తుల్లో టీబీ లేకపోయినా, దగ్గు లేకపోయినా రావచ్చు.

టీబీ, క్రోన్స్ రెండూ లోపల చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. టీబీ పుండ్లు పేగుకు అడ్డంగా, వాల్వ్ నోరు తెరుచుకుని ఉండటం ఎక్కువ. క్రోన్స్ పుండ్లు నిలువుగా పొడుగ్గా, మధ్యమధ్య బాగున్న పొరతో ఉండటం ఎక్కువ. ‘ఎక్కువ’ అంటున్నాను, ‘ఎప్పుడూ’ అనడం లేదు. పొరబడితే నష్టం మామూలుది కాదు. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే టీబీ ఒళ్లంతా పాకొచ్చు. క్రోన్స్‌ను టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు ఇస్తే, ఈలోపు పేగు ఇరుకై ఆపరేషన్ దాకా రావచ్చు.

నిజంగా ఏఐ సాయం కావాల్సింది ఇక్కడ అని నాకు గట్టిగా అనిపిస్తుంది. కానీ దాని బలహీనత కూడా ఇక్కడే ఉంది. ఏ మోడలైనా తాను చూసిన బొమ్మల నుంచే నేర్చుకుంటుంది. అందరూ వాడే పెద్ద ఉచిత ఎండోస్కోపీ సేకరణ నార్వేలోని బేరుమ్ ఆసుపత్రిది, హైపర్‌క్వాసిర్ అంటారు, లక్షకు పైగా ఫొటోలున్నాయి. అందులో పాలిప్‌లున్నాయి, అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు) ఉంది, పేగు టీబీ అనే తరగతే లేదు. నార్వేలో వాళ్లకు దాని అవసరం రాలేదు. టీబీని చూడని యంత్రానికి మన పేషెంట్ పుండు చూపిస్తే తనకు తెలిసిన పేరే చెబుతుంది. టీబీ, క్రోన్స్ తేడా పట్టే మోడళ్ల మీద చైనా, కొరియాల్లో పని జరిగింది. మన దగ్గర ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు సీటీలో పొట్ట లోపలి కొవ్వును, చర్మం కింది కొవ్వును కొలిచి వాటి నిష్పత్తి చూశారు. క్రోన్స్‌లో అది ఎక్కువగా, టీబీలో తక్కువగా ఉంది. కొవ్వును కొలవడం కంప్యూటర్‌కు చాలా తేలికైన పని. మన ఆసుపత్రులన్నీ కలిసి, పేర్లు తీసేసిన మన పేషెంట్ల స్కాన్లు, కొలనోస్కోపీ వీడియోలు, చివరికి తేలిన జబ్బుతో సహా ఒకచోట చేర్చితే ఈ పని మనమే బాగా చేయగలం. ఇది మనం చేయకపోతే ఇంకెవరూ మనకోసం చేసిపెట్టరు.

చాట్‌బాట్ చెప్పిన క్రోన్స్‌ను ఇప్పుడు అర్థం చేసుకోవచ్చు. మీ నాన్నగారి సీటీలో వందల స్లైసులుంటాయి. ఫిల్మ్ మీద ముద్రించేది వాటిలో కొన్ని. దాన్ని ఫోన్‌తో ఫొటో తీస్తే ట్యూబ్‌లైట్ మెరుపు, మీ వేలి నీడ కూడా పడతాయి. రేడియాలజిస్టు కంప్యూటర్‌లో వెలుతురు మార్చి మార్చి, ముందుకూ వెనక్కూ జరుపుతూ చూసిన లింఫ్ గ్రంథులు అందులో లేవు. ఆ గ్రంథుల మధ్యభాగం కుళ్లినట్టు నల్లగా కనిపిస్తే టీబీ అనుమానం బలపడుతుంది. అలాంటి ముఖ్యమైన ఆధారం చాట్‌బాట్ దాకా రానేలేదు. పైగా అవి మన ఊళ్ల గురించి కంటే అమెరికా, యూరప్‌ల గురించి ఎక్కువ చదివాయి. అక్కడ ఆ చోట గోడ మందమైతే ముందు అనుకునేది క్రోన్సే. రిపోర్టులోని మాటలకు అర్థం తెలుసుకోవడానికి వాడుకోండి, జబ్బు పేరు మాత్రం దాని నోట వినకండి. నాన్నగారి పేరు, ఫోన్ నంబరు ఉన్న పేజీలు అందులో పెట్టకండి.

స్కానింగ్‌ను ఏఐతో చదివించి తేల్చలేరా అన్నారు. కొన్ని జబ్బుల్లో ఆ రోజులు దగ్గరికొస్తున్నాయి. చైనాలో అలీబాబా డామో అకాడమీ, ఆసుపత్రులు కలిసి పాండా అనే మోడల్ తయారుచేశాయి. రంగు మందు ఎక్కించకుండా తీసిన మామూలు సీటీలో క్లోమం క్యాన్సర్‌ను పట్టడం దాని పని. అలాంటి సీటీలో ఆ గడ్డ మా కళ్లకు చాలాసార్లు ఆనదు. 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, వరసగా వచ్చిన 20,530 మంది స్కాన్లలో చూస్తే క్లోమంలో క్యాన్సర్ గానీ వేరే గడ్డ గానీ ఉన్నవాళ్లలో 92.9 శాతం మందిని పట్టింది, లేనివాళ్లలో 99.9 శాతం మందికి ఏమీ లేదని సరిగ్గా చెప్పింది. వేరే కారణానికి సీటీ తీయించుకున్నవాళ్లలో తొలిదశలోనే దొరికితే ఎంత మేలో ఆలోచించండి. క్లోమం క్యాన్సర్ మా దగ్గరికి వచ్చేసరికి ఎక్కువమందిలో ఆపరేషన్ దశ దాటిపోయి ఉంటుంది.

అయితే క్లోమం ఉన్నచోటే ఉంటుంది, అడిగే ప్రశ్న కూడా గడ్డ ఉందా లేదా అని. పేగు అలా కాదు. కదులుతుంది, ముడుచుకుంటుంది, ఒకసారి నిండుగా ఒకసారి ఖాళీగా ఉంటుంది. ముడుచుకున్న పేగు గోడ జబ్బు లేకపోయినా మందంగానే కనిపిస్తుంది. నిజంగా మందమైనా, ఎందుకు మందమైందో చెప్పడానికి నీడ చాలదు, కణాలు చూడాలి.

క్యాప్సూల్ సంగతి. రెండున్నర సెంటీమీటర్ల పొడవు మాత్రలో కెమెరా. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. పొట్టలో గంటలకొద్దీ తిరుగుతూ యాభైవేల దాకా ఫొటోలు తీస్తుంది. వాటిని కూర్చుని చూడటం మాకు నిజంగా శిక్ష. ఇక్కడ ఏఐ చేసిన మేలు చాలా గొప్పది. చైనాలో 77 కేంద్రాల నుంచి 6,970 మంది ఫొటోలతో చేసిన అధ్యయనంలో, ఒక్కో కేసు చదవడానికి మామూలుగా 96.6 నిమిషాలు పడితే ఏఐ తోడుగా 5.9 నిమిషాలు పట్టింది, తప్పిపోయేవి కూడా తగ్గాయి. కారణం తెలియకుండా రక్తం పోతూ, ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండింటిలో ఏమీ దొరకనివాళ్లకు ఇది చాలా మంచి పరీక్ష. మీ నాన్నగారికి ఇప్పుడు వద్దు. గోడ మందమైన చోట పేగు ఇరుకై ఉంటే మాత్ర అక్కడే ఇరుక్కోవచ్చు, తీయడానికి ఒక్కోసారి ఆపరేషనే చేయాలి. పైగా క్యాప్సూల్ ముక్క తీయలేదు.

కాబట్టి చివరికి అంతా ఆ ముక్క దగ్గరికే వస్తుంది, దాని గురించి ఒక్క మాట ముందే మాట్లాడి ఉంచండి. పుండు అంచు నుంచి, మధ్య నుంచి కలిపి చాలినన్ని ముక్కలు తీయమనండి. ఒకటి రెండు చాలవు. అన్నిటినీ ఫార్మలిన్ సీసాలోనే వేసేస్తే టీబీ కల్చర్‌కు, అంటే క్రిములను పెంచి చూసే పరీక్షకు పనికిరావు, ఫార్మలిన్‌లో క్రిములు చచ్చిపోతాయి. కొన్ని ముక్కలు సెలైన్‌లో విడిగా పెట్టి జీన్ ఎక్స్‌పర్ట్ (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష), కల్చర్ పరీక్షలకు పంపమని పరీక్షకు ముందే అడగండి, అయిపోయాక అడిగితే లాభం లేదు. ఊపిరితిత్తుల ఎక్స్‌రే కూడా తీయించండి. సీటీ ఫిల్ములతో సరిపెట్టకుండా సీడీ కూడా తీసుకుని గ్యాస్ట్రో డాక్టర్‌కు ఇవ్వండి.

బయాప్సీ రిపోర్టుకు కొన్ని రోజులు, టీబీ కల్చర్‌కు వారాలు పడుతుంది. పేగులో టీబీ క్రిములు తక్కువగా ఉంటాయి కాబట్టి జీన్ ఎక్స్‌పర్ట్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని కొట్టిపారేయరు. అన్నీ చూశాక కూడా తేలకపోతే టీబీ మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలలకు మళ్లీ కొలనోస్కోపీ చేసి పుండ్లు మానాయా అని చూడటం మన దేశంలో మామూలే. డాక్టర్‌కు తెలియక అలా చేస్తున్నారని అనుకోవద్దు. క్యాన్సర్ లేదని, టీబీ కాదని తేలేలోపు ఎవరైనా స్టెరాయిడ్లు రాస్తే మాత్రం ఎందుకో అడగండి.

ఈలోపు నొప్పి మెలిపెట్టినట్టు పెరిగి, వాంతులై, పొట్ట ఉబ్బి, గ్యాస్ కూడా పోకపోతే పేగు మూసుకుపోతోందని అర్థం. అప్పుడు కొలనోస్కోపీ తేదీ దాకా ఆగకండి, విరేచనాల పొడి తాగించనే తాగించకండి, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.